తెలుపు ఏదో కెమెరాకు చెప్పండి
– డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కెమెరాలో కస్టమ్ వైట్ బ్యాలెన్స్ అమర్చుకొనే విధానం

ఒకే పట్టుగూడును మూడు చోట్ల ఉంచి మూడు ఫోటోలు తీయండి. ఉదయపు ఎండలో తీసిన ఫోటోలో అది తెల్లగా కనబడుతుంది. పురుగుల షెడ్డులో పాత గుండు బల్బు క్రింద తీసినదానిలో పసుపుపచ్చగా కనబడుతుంది. నీలిరంగు టార్పాలిన్ క్రింద తీసినదానిలో నీలిచాయ తిరిగి ఉంటుంది. గూడు మారలేదు, కెమెరా మారలేదు, తీసిన చేయి మారలేదు. మారినది వెలుగు ఒక్కటే.

కెంచార్లహళ్ళి హోబళిలోను, చుట్టుప్రక్కల చింతామణి, బాగేపల్లి, శిడ్లఘట్ట తాలూకాలలోను ఇది చిన్న సంగతి కాదు. పట్టుపురుగుకు వచ్చిన జబ్బు ఏదో, టమోటా ఆకు ఎందుకు పాలిపోయిందో అడగడానికి ఈనాడు మనం మొదట పంపేది ఫోటోనే. పెండ్లి సంబంధం మాటలాడేటప్పుడు ముందుగా చేరేదీ ఫోటోనే. ఆ ఫోటోలోని రంగు అబద్ధమైతే, దానిని చూచి ఇచ్చే సలహా కూడా తప్పుదారి పట్టవచ్చును. రంగు నిజంగా ఉండాలంటే ఖరీదైన లెన్సు అవసరం లేదు. ఒక తెల్లని లేక బూడిదరంగు వస్తువు, రెండు నిమిషాల ఓపిక చాలును. ఈ పద్ధతికే కస్టమ్ వైట్ బ్యాలెన్స్ అని పేరు. తెలుగులో చెప్పుకోవాలంటే, మనమే కొలిచి ఇచ్చే తెలుపు సమతూకం.

కన్ను మోసపోదు, కెమెరా మోసపోతుంది

తెల్లని పంచెను ఎండలో చూచినా, చెట్టు నీడలో చూచినా, కిరోసిన్ దీపం ముందు చూచినా మనకు అది తెల్లని పంచెగానే తోస్తుంది. నిజానికి దీపం ముందు ఆ పంచె నుండి కంటికి చేరే వెలుగులో ఎరుపు, పసుపు పాలు ఎంతో ఎక్కువ. అయినా మన కన్ను, మెదడు కలసి ఆ ఎక్కువను తీసివేసి లెక్క సరిచేస్తాయి. కంటిలో రంగును గుర్తించే మూడు రకాల కణాలు ఉన్నాయి. ఏ వెలుగు ఎక్కువగా పడితే ఆ వెలుగుకు సంబంధించిన కణాల చురుకుదనం తగ్గి, తక్కినవాటితో సమానమవుతుందని జర్మనీ శాస్త్రజ్ఞుడు యోహానెస్ ఫాన్ క్రీస్ 1902లో వివరించాడు. నేటి కెమెరాలు రంగును సరిచేసే లెక్కకు మూలం ఆ ఆలోచనే.

కెమెరాకు అటువంటి అనుభవం లేదు. పంచె తెల్లనిదని దానికి ఎవరూ చెప్పలేదు. తన మీద పడిన ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంతో కొలిచి వ్రాసుకోవడం మాత్రమే దానికి తెలుసు. ఆ కొలతలలో వెలుగు రంగు ఎంత, వస్తువు రంగు ఎంత అని విడదీయడానికి దానికి ఒక ఆధారం కావాలి. ఆ ఆధారం ఇవ్వడమే మన పని.

వెలుగుకూ ఒక రంగు ఉన్నది

కొలిమిలో ఇనుము కాలడం చూచినవారికి ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. ఇనుము కాలేకొద్దీ మొదట ముదురు ఎరుపు, తరువాత నారింజ, ఆ తరువాత పసుపు, చివరకు తెలుపుకు దగ్గరగా వస్తుంది. ఇంకా వేడి చేయగలిగితే నీలిచాయ తిరుగుతుంది. ఈ వరుసను ఆధారం చేసుకొనే శాస్త్రజ్ఞులు వెలుగు రంగును ఉష్ణోగ్రతతో చెబుతారు. దాని కొలమానం కెల్విన్. 1848లో ఈ ఉష్ణమానాన్ని ప్రతిపాదించిన విలియం థామ్సన్, అనగా లార్డ్ కెల్విన్, పేరు మీదుగా ఆ మాట వచ్చింది.

సుమారు విలువలు ఇవి:

క్రొవ్వొత్తి, నూనె దీపం – 1900 కెల్విన్
ఇంటి గుండు బల్బు – 2700 నుండి 2900
స్టూడియో, వీడియో హాలోజన్ దీపం – 3200
నడిపగటి ఎండ – 5200 నుండి 5500
కెమెరా ఫ్లాష్ – 5500 ప్రాంతం
మబ్బు పట్టిన పగలు – 6000 నుండి 6500
ఎండ తగలని నీడ, పైన నీలాకాశం – 7000 నుండి 8000

ఇక్కడ ఒక తికమక ఉన్నది. మామూలు మాటలలో ఎరుపును వేడి రంగు అంటాము, నీలాన్ని చల్లని రంగు అంటాము. కెల్విన్ లెక్కలో మాత్రం సంఖ్య పెరిగేకొద్దీ వెలుగు నీలం వైపు వెళుతుంది. కొలిమిని జ్ఞాపకం ఉంచుకుంటే ఈ తికమక ఉండదు.

ట్యూబులైటు, సి.ఎఫ్.ఎల్., ఎల్.ఇ.డి. బల్బుల సంగతి వేరు. వాటి వెలుగు వేడి వలన పుట్టినది కాదు. కావున ఎరుపు–నీలం కొలత ఒక్కటే వాటికి చాలదు. పాత ట్యూబులైటులో కొంత ఆకుపచ్చ చాయ అదనంగా ఉంటుంది. ఆ వెలుగులో తీసిన ముఖాలు జబ్బుపడినట్లు పాలిపోయి కనబడేది అందువల్లనే.

ఫిల్ము కాలంలో ఈ చిక్కుకు వేరే పరిష్కారం ఉండేది. పగటి వెలుగుకు ఒక ఫిల్ము, దీపపు వెలుగుకు మరొక ఫిల్ము అమ్మేవారు. పగటి ఫిల్ముతో దీపాల క్రింద తీయవలసి వస్తే లెన్సు ముందు 80ఎ అనే నీలి గాజును బిగించేవారు. డిజిటల్ కెమెరా ఆ గాజును లెక్కగా మార్చింది.

లోపల జరిగే లెక్క

కెమెరా సెన్సారు మీద లక్షల కొలది చిన్న గళ్ళు ఉంటాయి. ఒక్కొక్క గడి మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం – ఈ మూడింటిలో ఒక రంగు పొర ఉంటుంది. ప్రతి నాలుగు గళ్ళలో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎర్రనిది, ఒకటి నీలిది. కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ రూపొందించిన ఈ ఏర్పాటుకు 1976లో పేటెంటు లభించింది. నేటికీ చాలా కెమెరాలలో, ఫోనులలో ఉన్నది అదే.

ఇప్పుడు బడిపిల్లల లెక్క ఒకటి చేద్దాము. ఇవి విషయం తెలియడానికి ఊహించుకొన్న అంకెలు. గుండు బల్బు క్రింద తెల్లని అట్టను కెమెరాకు చూపించాము. అందుకు ఎరుపు 200, ఆకుపచ్చ 140, నీలం 70 వచ్చాయి. తెలుపు అంటే మూడూ సమానంగా ఉండాలి. కావున ఎరుపును 0.7తో, నీలాన్ని 2తో గుణిస్తే మూడూ 140 అవుతాయి. కస్టమ్ వైట్ బ్యాలెన్స్ అంటే ఈ రెండు గుణకాలను కొలిచి కెమెరాలో దాచి ఉంచడమే.

అదే బల్బు క్రింద తెల్లని గూడు తీస్తే 190, 133, 66 వచ్చాయనుకోండి. పచ్చని గూడు తీస్తే 180, 135, 40 వచ్చాయి. సరిచేయకముందు రెండింటిలోనూ ఎరుపు చాలా ఎక్కువ, నీలం చాలా తక్కువ. ఫోటోలో రెండూ పచ్చగానే ఉంటాయి. గుణకాలను వాడిన తరువాత మొదటిది 133, 133, 132 అవుతుంది. అది తెలుపు. రెండవది 126, 135, 80 అవుతుంది. అది లేత ఆకుపచ్చ కలిసిన పసుపు. బల్బు వేసిన రంగు పోయి, గూటికి స్వతహాగా ఉన్న రంగు మిగిలింది.

ఆటోమాటిక్ ఉన్నదిగదా, ఇది ఎందుకు?

కెమెరాలో ఆటో వైట్ బ్యాలెన్స్ ఉన్నమాట నిజమే. అది ఫ్రేములోని రంగులన్నింటినీ చూచి, వెలుగు ఏదై ఉంటుందో ఊహిస్తుంది. అన్ని రంగులూ కలసి ఉన్న దృశ్యంలో ఆ ఊహ చాలావరకు సరిపోతుంది. ఒకే రంగు ఫ్రేమునంతా ఆక్రమించినచోట అది బెదురుతుంది. మల్బరీ తోటలో నిలబడి ఆకును దగ్గరగా తీస్తే, ఆ పచ్చదనాన్ని వెలుగు దోషమని భ్రమించి కొంత తీసివేయవచ్చును. ఎర్రచీర కట్టిన పెండ్లికూతురిని దగ్గరగా తీస్తే ముఖానికి నీలిచాయ అంటించవచ్చును. పైగా ఒక్కొక్క ఫోటోకు ఒక్కొక్క ఊహ చేయడం వలన వరుసగా తీసిన పది ఫోటోలలో పది చాయలు కనబడవచ్చును.

కెమెరాలో ఎండ, నీడ, మబ్బు, బల్బు, ట్యూబు, ఫ్లాష్ అని చిన్న గుర్తులు కూడ ఉంటాయి. ఇవి కర్మాగారంలో ముందే అమర్చిన సగటు విలువలు. ఆటో కంటె స్థిరమైనవి. అయినా మీ షెడ్డులోని బల్బు వయస్సు, మీ గోడకు వేసిన సున్నం రంగు, మీ పందిరి బట్ట చాయ వాటికి తెలియవు. ఉన్నచోటి వెలుగును ఉన్నట్లుగా కొలిచేది కస్టమ్ ఒక్కటే.

ఏది నిజమైన తెలుపు?

ఈ పనిలో ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. కంటికి తెల్లగా కనబడే వస్తువులన్నీ కొలతకు పనికిరావు.

చాకింటి తెల్లపంచె: బట్ట తెల్లగా మెరవడానికి నీలిమందు పెడతాము. ఆ నీలమే చిక్కు తెస్తుంది. దానిని తెలుపుగా కెమెరాకు చూపిస్తే, ఆ నీలాన్ని కూడ కొట్టివేయవలెనని లెక్క వేసి, ఫోటోకంతటికీ పసుపుచాయ తెస్తుంది. నేటి బట్టల పొడులలో ఉండే మెరుపు రసాయనాలు కూడ ఇంతే.

ప్రింటరు కాగితం: దీనిలో కూడ అటువంటి మెరుపు రసాయనం ఉంటుంది. ఎండలోని అతినీల కిరణాలను పీల్చుకొని నీలి వెలుగును విడుస్తుంది. వేరే దారి లేనప్పుడు వాడవచ్చును గాని శ్రేష్ఠం కాదు.

పాత కాగితం, గోడ సున్నం, అన్నం, పాలు: వీటన్నింటిలో ఎంతో కొంత పసుపో నీలమో ఉంటుంది. వాడవద్దు.

బూడిదరంగు అట్ట: ఫోటో సామగ్రి అమ్మే అంగళ్ళలో గ్రే కార్డు అని అడిగితే ఇస్తారు. పడిన వెలుగులో 18 శాతం మాత్రమే తిరిగి పంపుతుంది. మూడు రంగులనూ సమానంగా పంపుతుంది. అన్నింటిలో ఇదే ఉత్తమం.

తెల్లని థర్మోకోల్ కప్పు: రంగు, అచ్చు లేనిదైతే చక్కగా పనిచేస్తుంది. దాని అడుగుభాగాన్ని చూపించండి.

పైపుల టేపు: బోరుబావి పైపుల మరల మీద చుట్టే పలుచని తెల్ల టెఫ్లాన్ టేపు మన ఊళ్ళలో ప్రతి హార్డ్‌వేర్ అంగడిలోనూ దొరుకుతుంది. ఆ పదార్థం మూడు రంగులనూ దాదాపు సమానంగా తిప్పి పంపుతుంది. ఒక అట్టముక్క మీద క్రింది అట్ట కనబడనంత మందంగా, పొర మీద పొరగా చుట్టండి. మసి, నూనె తగలకుండా సంచిలో ఉంచుకోండి. చవకగా తయారయ్యే మంచి కొలత అట్ట ఇది.

కానన్ కెమెరాలో చేసే విధానం

2003లో కానన్ 300డి, 2004లో నికాన్ డి70 వచ్చిన తరువాతనే ఎస్.ఎల్.ఆర్. డిజిటల్ కెమెరా చిన్న ఊళ్ళ ఫోటోగ్రాఫర్లకు అందుబాటులోకి వచ్చింది. ఆ తరువాతి సంవత్సరాల కెమెరాలు ఇప్పుడు పాతవాటి అంగళ్ళలో తక్కువ ధరకు దొరుకుతున్నాయి. నమూనాను బట్టి మెనూలో చోటు మారవచ్చును గాని పద్ధతి ఒక్కటే.

1. ఫోటో తీయబోయే వస్తువు ఉన్నచోటనే అట్టను ఉంచండి. వస్తువు మీద పడే వెలుగే అట్ట మీద పడాలి.
2. లెన్సు ప్రక్కన ఉన్న మీటను ఎ.ఎఫ్. నుండి ఎం.ఎఫ్.కు మార్చండి. ఖాళీ అట్ట మీద గీతలు ఉండవు గనుక ఆటోఫోకస్ కుదరదు, కెమెరా ఫోటో తీయడానికి నిరాకరిస్తుంది.
3. ఫ్రేము మధ్యభాగం పూర్తిగా నిండేట్లు అట్టను తీయండి. మీ నీడ అట్ట మీద పడనీయకండి.
4. ఫోటో మరీ తెల్లబారకుండా, మరీ చీకటి కాకుండా ఉండాలి. తెల్లబారితే మూడు రంగులూ గరిష్ఠానికి చేరి కొలత నాశనమవుతుంది. గ్రాఫులో శిఖరం మధ్యభాగంలో ఉంటే సరి.
5. మెనూలో కస్టమ్ వైట్ బ్యాలెన్స్ అన్నచోటికి వెళ్ళి, ఆ అట్ట ఫోటోను ఎన్నుకొని సెట్ నొక్కి, ఓకే అనండి.
6. ఇంతటితో పని ముగియలేదు. వైట్ బ్యాలెన్స్ గుర్తులలో రెండు త్రికోణాలు, వాటి మధ్య చిన్న చుక్క ఉన్న గుర్తును ఎన్నుకోవాలి. అదే కస్టమ్ గుర్తు. చాలామంది అయిదవ మెట్టుతో ఆగిపోయి, ఫలితం కనబడలేదని వదిలివేస్తారు.
7. లెన్సు మీటను తిరిగి ఎ.ఎఫ్.కు మార్చండి.

కెమెరాలో నలుపు–తెలుపు శైలి అమర్చి ఉన్నప్పుడు తీసిన అట్ట ఫోటో ఈ పనికి చెల్లదు.

నికాన్ కెమెరాలో చేసే విధానం

నికాన్‌లో దీని పేరు ప్రీసెట్ మాన్యువల్. తెర మీద పి.ఆర్.ఇ. అని మూడు అక్షరాలుగా కనబడుతుంది.

1. చిన్న నమూనాలలో షూటింగ్ మెనూ, వైట్ బ్యాలెన్స్, ప్రీసెట్ మాన్యువల్, మెజర్ – ఈ వరుసలో వెళ్ళి, పాత కొలతను తుడిచి వ్రాయడానికి ఒప్పుకోండి.
2. పెద్ద నమూనాలలో డబ్ల్యు.బి. బొత్తామును నొక్కిపట్టి, వెనుక చక్రాన్ని పి.ఆర్.ఇ. వచ్చేవరకు త్రిప్పండి. బొత్తామును ఒకసారి వదలి, ఆ అక్షరాలు మిణుకుమనేవరకు మరల నొక్కిపట్టండి.
3. అక్షరాలు మిణుకుమనే కొన్ని సెకన్లలోనే, అట్టను ఫ్రేము నిండా చూపించి షట్టరు బొత్తామును పూర్తిగా నొక్కండి. ఫోకస్ కుదరకపోయినా పరవాలేదు. ఫోటో ఏదీ నిలవ ఉండదు, కొలత మాత్రమే నిలుస్తుంది.
4. కొలత సరిగా అందితే డేటా అక్వైర్డ్ అనిగాని, జి.డి. అనిగాని కనబడుతుంది. అందకపోతే వెలుగు మరీ ఎక్కువ లేక తక్కువ అయి ఉంటుంది. సరిచూచుకొని మరల ప్రయత్నించండి.

రెండు కెమెరాలలోనూ చివర ఒక పరీక్ష చేయండి. అట్టను వస్తువు ప్రక్కన పెట్టి ఒక ఫోటో తీయండి. తెరమీద అట్టకు ఏ చాయా లేకుండా ఉంటే కొలత కుదిరినట్లే.

ట్యూబులైటు క్రింద ఒక జాగ్రత్త

మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది. పాత చోకు ఉన్న ట్యూబులైటు సెకనుకు 100 సార్లు వెలుగు హెచ్చుతగ్గులకు లోనవుతుంది. వెలుగుతోపాటు రంగు కూడ కొంత మారుతుంది. షట్టరు వేగం ఎక్కువ పెడితే ఒక్కొక్క ఫోటోకు ఒక్కొక్క రంగు వస్తుంది. అందుచేత ట్యూబు క్రింద కొలత తీసేటప్పుడు, ఫోటో తీసేటప్పుడు కూడ సెకనులో 50వ వంతు లేక అంతకన్న నిదానమైన వేగం ఉంచండి. చేయి కదిలే భయం ఉంటే స్టాండు వాడండి.

మన ఊరిలో మూడు సందర్భాలు

మొదటిది పట్టు. గూడు అన్న మాట తెలుగువారిదీ కన్నడిగులదీ కూడ. గూటి రంగు మాత్రం జాతిని బట్టి మారుతుంది. రెండు కార్ల జాతుల, అనగా బైవోల్టీన్ సంకరాల, గూళ్ళు తెల్లనివి. మైసూరు జాతి తల్లికి సి.ఎస్.ఆర్.2 తండ్రిని కలిపిన సంకరపు గూళ్ళు ఆకుపచ్చ కలిసిన పసుపువి. శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్టులో కొనేవాడు చేతితో పట్టి చూచే ధర పలుకుతాడు, ఫోటో ఆ చూపుకు ప్రత్యామ్నాయం కాదు. కాని మార్కెట్టుకు పోకముందే బంధువుకో, తెలిసిన రీలరుకో ఫోటో పంపేటప్పుడు తెల్లగూడు పచ్చగా కనబడితే మాట పడేది మనమే. లోపలి పురుగు చచ్చి మరకపడిన గూళ్ళను గుర్తించడానికి కూడ రంగు నిజంగా ఉండాలి.

పురుగు విషయంలో ఇది ఇంకా ముఖ్యం. గూడు కట్టడానికి పండిన పురుగు ఒంటికి సహజంగా ఒక నిగారింపు, లేత పసుపు వస్తాయి. గ్రాసరీ రోగం తగిలిన పురుగు కూడ ఉబ్బి, పసుపు తిరిగి, చర్మం చిట్లితే పాలవంటి ద్రవం కారుస్తుంది. గుండు బల్బు క్రింద తీసిన ఫోటోలో ఆరోగ్యంగా ఉన్న తట్ట కూడ పచ్చగానే కనబడుతుంది. అటువంటి ఫోటోను చూచి దూరాన ఉన్న అధికారి ఏమి చెప్పగలడు? తట్ట అంచున కొలత అట్టను పెట్టి తీసిన ఫోటో ఒక్కటి పది మాటల కంటె మేలు.

రెండవది టమోటా. మన ప్రాంతంలో నారును ఆకుపచ్చ నీడవల క్రింద పెంచుతారు. ఆ వల గుండా వచ్చే వెలుగులో, వల మీద పడి చెదిరిన వెలుగులో పచ్చదనం ఎక్కువ. అక్కడ ఆటోలో తీసిన ఫోటోలో పాలిపోయిన ఆకు పచ్చగా కనబడవచ్చును, లేదా పచ్చని ఆకు పాలిపోయినట్లు కనబడవచ్చును. ఆకు పసుపు తిరగడానికి కారణాలు ఎన్నో. నత్రజని లోపిస్తే క్రింది ముదురు ఆకులు ముందు పసుపు తిరుగుతాయి. ఇనుము లోపిస్తే పై లేత ఆకులు పసుపు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. మెగ్నీషియం లోపిస్తే ముదురు ఆకులలో ఈనెల మధ్యభాగం పసుపవుతుంది. తెల్లదోమ తెచ్చే ఆకుముడత వైరస్ అయితే ఆకు పైకి ముడుచుకొని, చిన్నదై, అంచులు పసుపవుతాయి. ఒకదానికి ఎరువు కావాలి, మరొకదానికి దోమను ఆపాలి. తప్పు మందు కొట్టిన రైతుకు డబ్బూ పోతుంది, పంటకాలమూ పోతుంది.

కావున చింతామణి సమీపాన కురుబూరులో ఉన్న కృషి విజ్ఞాన కేంద్రానికో, మరొక అధికారికో ఫోటో పంపేటప్పుడు ఈ విధంగా చేయండి. ఆకును వల క్రింద నుండి బయటకు తెచ్చి, ఎండ నేరుగా తగలని వెలుతురులో ఉంచండి. అక్కడే కస్టమ్ కొలత తీయండి. అట్ట ప్రక్కన ఉండగా ఒక ఫోటో, మొక్క అంతా కనబడేట్లు ఒకటి, ముదురు ఆకుది ఒకటి, లేత ఆకుది ఒకటి పంపండి. వీలైతే ఆకును కూడ తీసుకొనిపోయి చూపించండి. ఫోటో దారి చూపుతుందే గాని తుది మాట చెప్పదు.

మూడవది పెండ్లి. కల్యాణమంటపంలో కిటికీ నుండి పగటి వెలుగు, పైన ట్యూబులు, ఎదుట వీడియో దీపం, ప్రక్కన రంగుల సీరియల్ బల్బులు అన్నీ ఒకేసారి ఉంటాయి. బయట షామియానా వేస్తే దాని బట్ట రంగు అందరి ముఖాల మీద పడుతుంది. కెమెరా ఒకసారికి ఒక వెలుగుకు మాత్రమే సమతూకం చేయగలదు. అన్నింటినీ సరిచేయాలని చూడక, వధూవరుల ముఖం మీద పడే ప్రధానమైన వెలుగును ఎన్నుకోండి. ముహూర్తానికి ముందే పీటల దగ్గర, ముఖం ఉండే ఎత్తులో అట్టను పట్టి కొలత తీయండి. అవసరం లేని దీపాలను ఆర్పమని పెద్దలను అడగండి. ఫ్లాష్ వాడబోతున్నట్లయితే కొలత తీసేటప్పుడు కూడ ఫ్లాష్ వెలగాలి.

కుదిరిందో లేదో తెలుసుకోవడానికి మండపంలోనే గుర్తులు ఉన్నాయి. తలంబ్రాల పసుపు పసుపుగా ఉండాలి, నారింజ కాకూడదు. కుంకుమ ఎర్రగా ఉండాలి, ఊదా కాకూడదు. మధుపర్కాలు కట్టే ఇళ్ళలో వాటి తెలుపు తెలుపుగాను, అంచు పసుపుగాను విడివిడిగా తెలియాలి. ఆ బట్టను కొలతకు వాడవద్దు, సరిచూచుకోవడానికి మాత్రమే వాడండి.

అన్నిచోట్లా తెలుపు కోరవద్దు

కొన్ని దృశ్యాలకు వెలుగు రంగే ప్రాణం. కార్తీక దీపాల వరుసను, గర్భగుడిలో హారతిని, సూర్యాస్తమయాన్ని కస్టమ్ కొలతతో తీస్తే వాటి బంగారు చాయ పోయి, వెలవెలబోతాయి. అక్కడ ఎండ గుర్తును ఉంచితే దీపం దీపంలాగే కనబడుతుంది. ఏ రంగు వస్తువుది, ఏ రంగు వెలుగుది, మనకు ఏది కావాలి అని ముందుగా ఆలోచించుకోవాలి.

మరొక జాగ్రత్త. కొలత ఆ చోటికి, ఆ వెలుగుకు మాత్రమే చెల్లుతుంది. షెడ్డులో తీసిన కొలతతో ఎండలోకి వస్తే ఫోటోలన్నీ నీలమవుతాయి. మబ్బు కమ్మినా, దీపం మార్చినా మరల కొలవాలి. పని ముగియగానే గుర్తును తిరిగి ఆటోకు మార్చి కెమెరాను సంచిలో పెట్టడం మంచి అలవాటు.

రా పద్ధతిలో తీసేవారు తరువాత కంప్యూటరులో తెలుపును ఎప్పుడైనా మార్చుకోవచ్చును. జేపెగ్ పద్ధతిలో అంత వెసులుబాటు లేదు, లెక్క ఫోటోలోనే కలసిపోతుంది. రా తీసినా ఆరంభంలో ఒక అట్ట ఫోటో ఉంటేనే తెలుపు ఏదో కంప్యూటరులో చూపించగలము. లేకుంటే మరల ఊహే శరణ్యం.

ఫోను మాత్రమే ఉన్నవారు

ఎస్.ఎల్.ఆర్. లేని ఇళ్ళే ఎక్కువ. ఫోనుతో కూడ ఈ సూత్రం పనిచేస్తుంది. కొన్ని ఫోనులలో ప్రో అనే విధానంలో కెల్విన్ సంఖ్యను మనమే జరుపుకోవచ్చును. అట్టను ఎదుట పెట్టుకొని, అది తెల్లగా కనబడేవరకు జరపండి. ఆ వీలు లేకుంటే, తీసే వస్తువు ప్రక్కన కొలత అట్ట కూడ ఫోటోలో కనబడేట్లు పెట్టండి. రంగు తప్పినా ఎంత తప్పిందో చూచేవారికి తెలుస్తుంది, వారు సరిచేసుకొని చదువుకొంటారు. పసిబిడ్డ కళ్ళు, ఒళ్ళు పచ్చబడినట్లు తోచినప్పుడు మాత్రం ఏ ఫోటోనూ నమ్ముకోవద్దు. బిడ్డను వెంటనే వైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి.

ఇంటిలో కెమెరా ఉన్న ప్రతివారూ, బడిలో విజ్ఞాన ప్రదర్శనకు ఫోటోలు తీసే పిల్లలూ ఈ అభ్యాసం ఒకటి చేసి చూడవచ్చును. ఒక గూటిని, ఒక ఆకును, ఒక పసుపుకొమ్మును ప్రక్కప్రక్కన పెట్టండి. ఆటోలో ఒకటి, కస్టమ్‌లో ఒకటి చొప్పున ఎండలో, నీడలో, బల్బు క్రింద ఆరు ఫోటోలు తీయండి. ఆరింటినీ వరుసగా పెట్టి చూస్తే ఈ వ్యాసంలో చెప్పినదంతా కంటికి కనబడుతుంది. టేపు చుట్టిన ఆ అట్టముక్కను కెమెరా సంచిలోనే ఉంచుకోండి. పంటకు తెగులు వచ్చిన రోజున దానిని వెదుక్కొనే పని ఉండదు.